ప్రిడ్లీ కౌగిలి

నెదర్ ప్రిడ్లీలో కెజియా పర్నెల్ బండి చప్పుడు వినబడిందంటే ఆ రోజు బుధవారమో శనివారమో అయి ఉండాలి. ఆ రెండు రోజులూ ఆమె మార్స్‌బరీ సంతకు బండి కట్టేది. వెళ్ళేటప్పుడు ఊరి గుడ్లు, వెన్న, కుందేళ్ళు, నడవలేని ఒకరిద్దరు మనుషులు. వచ్చేటప్పుడు దారపుండలు, దగ్గు మందు, దీపాల నూనె, అవతలి ఊళ్ళ కబుర్లు. కబుర్లకు కిరాయి లేదు కాబట్టి అవి కాస్త ఎక్కువే వచ్చేవి.

మనిషి పొట్టి, గట్టి. నోరు మనిషి కంటే గట్టి. భర్త ఈనక్ బతికున్నన్నాళ్ళూ పగ్గాలు ఆయన చేతిలో, మాటలు ఈమె నోట్లో ఉండేవి. ఆయన ఒక చలికాలం ఊపిరితిత్తుల జబ్బుతో పోయాక రెండూ ఈమెకే వచ్చాయి. ఆడమనిషి బండి తోలడమేమిటని మూతి విరిచినవాళ్ళ మూటలు ఆమె ఎక్కించుకోలేదు. వాళ్ళు రెండు మూడు వారాలు బురదలో సంతకు నడిచి, ఆ తర్వాత మూతి సరిచేసుకున్నారు.

గుర్రం పేరు కెప్టెన్. ఇది మూడో కెప్టెన్. ముందరి రెండూ ముసలివై పోయినా పేరు మాత్రం మారలేదు. మారిస్తే ఊళ్ళో ఒక పెద్ద వ్యవహారం ఆగిపోతుంది.

చర్చి గేటుకు ఎదురుగా ఉన్న రాతి ఇంట్లో ప్రూడెన్స్ ఉండేది. కెజియాకు స్వయానా అక్క. పెళ్ళి చేసుకోలేదు. చర్చి ఊడ్చేదీ, ఇత్తడి సామాను తోమేదీ, చలికాలంలో పొయ్యి రాజేసేదీ ఆమే. మిగతా వేళంతా కిటికీ దగ్గర కూచుని మార్స్‌బరీ దుకాణానికి తోలు గ్లౌజులు కుట్టేది. కుట్టినవి సంతకు చేరాలంటే చెల్లెలి బండే దిక్కు. ఆ చెల్లెలితో మాట్లాడక ఇరవై ఏళ్ళు దాటింది. అందుకని ఆమె గుర్రంతో మాట్లాడేది.

"కెప్టెన్," అనేది గడపలో నిలబడి మూట చాపి, "ఈ గ్లౌజులు నలగకుండా చేర్చమని మీ యజమానురాలితో చెప్పు. పోయినసారి వాటి మీద వెన్నకుండ పెట్టింది."

"కెప్టెన్," అనేది కెజియా బండి మీద నుంచి, "అది వెన్నకుండ కాదు, జున్ను. అంత పొడుగు ముక్కు పెట్టుకుని ఆ మాత్రం వాసన తెలీదా అని అడుగు."

"నల్ల దారం రెండుండలు తెమ్మను. నీలంది తెచ్చి నల్లదని వాదించొద్దని కూడా చెప్పు."

"ముందు కళ్ళజోడు మార్చుకోమను."

కెప్టెన్ ఇద్దరి మాటలూ విని, ఎవరి పక్షమూ వహించకుండా, ప్రూడెన్స్ గుమ్మం పక్కనున్న పూలమొక్కల్లో ఒకదాన్ని కొరికేది. ఆ ఫిర్యాదు కూడా దానికే చేయాల్సి వచ్చేది.

ఈ పంతం ఎక్కడ మొదలైందో తెలియాలంటే అక్కచెల్లెళ్ళు పుట్టకముందుకు పోవాలి. అప్పట్లో మా చర్చిలో పాటకు ఊరివాళ్ళే వాద్యాలు వాయించేవాళ్ళు. రెండు ఫిడేళ్ళు, ఒక పిల్లనగ్రోవి, మనిషెత్తు పెద్ద ఫిడేలు ఒకటి. ఆ పెద్ద ఫిడేలు పర్నెల్‌ల ఇంటిది, ఈనక్ తాత వాయించేవాడు. ఇంతలో స్నెల్‌గ్రోవ్ అని ఒక పాస్టరు వచ్చాడు. మా వాద్యం ఆయన చెవికి నూనె లేని ఇరుసు చప్పుడులా ఉందట. పట్నం నుంచి హార్మోనియం తెప్పించాడు. తెప్పించుకుంటే తెప్పించుకున్నాడు, వాద్యగాళ్ళకు ఆ సంగతి ముందురోజైనా చెప్పలేదు. ఆదివారం పొద్దున స్నానాలు చేసి, మంచి కోట్లు తొడుక్కుని, తంత్రులు సవరించుకుని మెట్లెక్కబోతున్నవాళ్ళను ఆపి, ఇక మీరు రానక్కర్లేదన్నాడు. నన్నడిగితే అక్కడే ఆయన తప్పు చేశాడు.

పర్నెల్ తాత పెద్ద ఫిడేలును భుజానికెత్తుకుని బయటికి వచ్చేశాడు. ప్రహరీ గేటు దగ్గర ఆగి ఊరంతా వినేలా ప్రమాణం చేశాడు. "ఈ గేటులో మళ్ళీ కాలు పెట్టను. నేనూ పెట్టను, నా వెంట నడిచేవాళ్ళూ పెట్టరు. శవమై మోసుకొస్తే తప్ప!" అన్నాడు. ఆయన వెంట సగం ఊరు నడిచింది. వాగు దాటే చోట ఇటుకలు పేర్చి సొంతంగా ప్రార్థన మందిరం కట్టుకున్నారు. ఇక అప్పట్నుంచి మా ఊళ్ళో చర్చివాళ్ళు వేరు, మందిరంవాళ్ళు వేరు. యుద్ధంలో పోయిన కుర్రాళ్ళకు స్మారక శిల నాటేటప్పుడు కూడా చర్చి ఆవరణలో వద్దని వీళ్ళు, మందిరం ముందు వద్దని వాళ్ళు పట్టుబట్టి, చివరికి దాన్ని నాలుగు దార్ల కూడలిలో వాన నీళ్ళు నిలిచేచోట నాటారు. పేర్లు మాత్రం కలిపే చెక్కారు, ఆ పిల్లలు అభ్యంతరం చెప్పలేరు గనక.

అక్కచెల్లెళ్ళు చర్చి గంట కొట్టే సైలస్ బిడ్‌గుడ్ కూతుళ్ళు. చిన్నది పోయిపోయి మందిరంవాణ్ణి, అందులోనూ పర్నెల్ ఇంటివాణ్ణి ప్రేమించింది. సైలస్ ఆమెను చేయి పట్టుకుని చర్చి గేటు దాకా నడిపించి, గేటు అవతల వదిలి, గడియ పెట్టాడు. "ఇక ఈ చేయి మా చేతుల్లో ఉండదు," అన్నాడు. ప్రూడెన్స్ పక్కనే నిలబడి ఉంది. ఒక్క మాట అనలేదు. తండ్రి పోయాక గేటు గడియ ఎవరైనా తీయొచ్చు. కానీ ముందు మాట్లాడాల్సింది అక్కే అని చెల్లెలు, చెల్లెలే అని అక్క. అలా ఏళ్ళు వెళ్ళిపోయాయి.

చేయి అన్నాడు చూశారా, ఆ మాట ఊరికే అనలేదు. ఏటా సెప్టెంబరులో, కోతలయ్యాక, మా ఊరు చర్చిని కౌగిలించుకుంటుంది. ఊరంతా చేతులు చేతులు పట్టుకుని చర్చి చుట్టూ వలయంగా నిలబడాలి. మొదటి చేయి చివరి చేతిని అందుకోవాలి. అప్పుడు పాట ఎత్తుకుని మూడుసార్లు గోడ దాకా ముందుకు, మూడుసార్లు వెనక్కి నడవాలి. ఆ తర్వాత ఆవరణలో ఏడాదంతా పచ్చగా ఉండే యూ చెట్ల కింద ప్లమ్ పళ్ళు కూరిన రొట్టెలు, యాపిల్ సారా. వలయంలో ఉండేది ఈ ఊరివాళ్ళే అయి ఉండాలి. పక్క ఊరివాళ్ళకు రొట్టె పెడతాం, చేయి ఇవ్వం.

చర్చికి ఉత్తరం వైపు ఎండ పడదు. నాచు, చలి, దయ్యాలు తిరుగుతాయన్న భయం. అక్కడ నిలబడటానికి ఎవరూ ఇష్టపడరు. చిన్నప్పుడు ఆ చోటు ఎప్పుడూ సైలస్ కూతుళ్ళది. పెద్దది భయపడితే చిన్నది గట్టిగా చేయి నొక్కేది. చిన్నది నవ్వితే పెద్దది మోచేత్తో పొడిచేది. పెళ్ళయ్యాక కెజియా ఆ రోజున ఉత్తరం ప్రహరీ అవతల రోడ్డు మీద బండి ఆపుకుని, గుర్రం డెక్కలో రాయి ఇరుక్కున్నట్టు నటిస్తూ చూసేది. పాపం ప్రతి ఏడూ సరిగ్గా అదే రోజు, అదే చోట, కెప్టెన్ డెక్కలో రాయి ఇరుక్కునేది.

యుద్ధం వచ్చాక వలయం పూర్తి కావడం మానేసింది. కుర్రాళ్ళు కొందరు తిరిగి రాలేదు, కొందరు ఫ్యాక్టరీలకు పోయారు. ఉత్తరం వైపు, సరిగ్గా ప్రూడెన్స్ చేతి పక్కనే, ఖాళీ పడింది. ఒక ఏడు శాలువాలు ముడేసి ఖాళీ నింపారు. పోయిన ఏడు శాలువాలూ చాలక గంట తాడు విప్పి తెచ్చి కట్టారు. కొండ మీది అప్పర్ ప్రిడ్లీవాళ్ళు చూడటానికి వచ్చి పొట్టలు పట్టుకుని నవ్వారు. "ఏమయ్యా, మీ చర్చి పారిపోతుందనా తాడేసి కట్టేశారు?" అన్నాడు వాళ్ళ చర్చి పెద్ద గాడ్. ఆ మాట మార్స్‌బరీ సంత దాకా పాకింది. బండి మీద ఆ మాట విన్న ప్రతిసారీ కెజియాకు ఒళ్ళు మండేది.

రెండు ఊళ్ళకూ పాస్టరు ఒక్కరే, లవ్‌డే గారని కుర్రాయన. మంచివాడు, సైకిలు మీద కొండ ఎక్కీ దిగీ సగమైపోయాడు. ఆయన ఆగస్టులో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పాడు. ఈ ఏడు వలయం చేతులతోనే పూర్తయితే సరే. కాకపోతే ఈ తాళ్ళ తంతు ఇక వద్దు, వచ్చే ఏటి నుంచి రెండు ఊళ్ళకూ కలిపి అప్పర్ ప్రిడ్లీలోనే పండగ చేసుకుందాం అన్నాడు. ఆయన దాన్ని దయతోనే అన్నాడు. అందుకే ఎవరూ తిట్టలేకపోయారు.

ఈ సంగతి బుధవారం బండి ఎక్కినావిడ నోట కెజియా విన్నది. సంత దాకా ఇంకేమీ మాట్లాడలేదు. ఎక్కినావిడ భయపడి ఒంట్లో బాగాలేదా అని అడిగింది. కెజియాకు ఒంట్లో బాగానే ఉంది, గుండెలోనే బాగాలేదు. ఆ ఉత్తరం గోడ కింద తన చోటు అలా ఖాళీగానైనా ఉంది కదా అని ఇన్నేళ్ళూ ఒక ధైర్యం. రేపు వలయమే లేకపోతే తన చోటూ ఉండదు, అక్క పక్కన ఖాళీ కూడా ఉండదు. తిరిగి వచ్చేటప్పుడు వాగు దగ్గర బండి ఆపి, బావగారి షెడ్డులోకి వెళ్ళింది.

జేబెజ్ పర్నెల్ ఈనక్‌కు అన్న. బండి చక్రాలు చేస్తాడు. ఆదివారాలు మందిరంలో ప్రసంగం చేస్తాడు, తాతగారి పెద్ద ఫిడేలు వాయిస్తాడు. నచ్చని మాట వింటే టోపీ పెట్టుకుని లేచి వెళ్ళిపోవడం ఆయన అలవాటు. కెజియా అది లెక్క చూసుకునే వచ్చింది. ఎర్రగా కాలిన ఇనుప పట్టాను చక్రానికి తొడిగే వేళ అది. చెక్క పొగలు కక్కుతుంటే సుత్తితో కొడుతూనే ఉండాలి, ఆగితే చక్రం బూడిదవుతుంది.

"బావగారూ, ఒక మాట."

"ఇప్పుడా?" అన్నాడు జేబెజ్, సుత్తి ఎత్తి.

"ఇప్పుడే. తర్వాతైతే మీరు టోపీ వెతుక్కుంటారు. చర్చి కౌగిలికి మనవాళ్ళు రావాలి."

సుత్తి దెబ్బ కాస్త పక్కకు పడింది. "నీకు మతి పోయిందా కెజియా? తాత ప్రమాణం తెలీదా నీకు?"

"తెలుసు. ఈ ఇంటికి వచ్చిన రోజు నుంచి అన్నం కంటే ఎక్కువసార్లు వడ్డించారు దాన్ని. ఏమన్నాడు తాత, చెప్పండి."

"ఈ గేటులో కాలు పెట్టను అన్నాడు!"

"గేటు అన్నాడా?"

"గేటే!"

"గోడ గురించి ఏమన్నా అన్నాడా?"

జేబెజ్ నోరు తెరిచాడు. పట్టా పొగ ముక్కులోకి పోయి దగ్గాడు. "గోడ గురించి ఎవరంటారు!"

"ఎవరూ అనరు. ఆయనా అనలేదు. ఉత్తరం గోడ మీ నడుము ఎత్తు కూడా లేదు. అవతల నా బండి ఉంటుంది, బండి మీంచి గోడ మీదకు పలక వేస్తా. మీ తాత మాట అక్షరం పొల్లుపోదు."

"జనం నవ్వరూ?"

"మనల్ని చూసి నవ్వడానికి వేరే జనం ఎందుకు, అప్పర్ ప్రిడ్లీవాళ్ళు ఉన్నారుగా. తాడు కట్టుకున్న ఊరని సంతలో అంటుంటే వాళ్ళు చర్చివాళ్ళు, నేను మందిరం మనిషినని చెప్పుకోమంటారా? కూడలిలో రాయి మీద మీ అబ్బాయి పేరు ఎవరి పేరు కింద ఉంది?"

జేబెజ్ కొడుకు పేరు చర్చి గంట కొట్టే కుర్రాడి పేరు కింద ఉంది. ఇద్దరూ ఒకే రోజు పోయారు. పట్టా సరిగ్గా కూర్చున్నాక నీళ్ళు పోశాడు, షెడ్డంతా ఆవిరి కమ్మింది. అందులోంచి ఆయన గొంతు వచ్చింది. "మందిరంలో అడగాలి."

మందిరంలో ఆ వాదన రెండు ఆదివారాలు నడిచింది. గోడ అంటే మూసి ఉన్న గేటే అని ఒకాయన, గేటు అంటే తెరిచి ఉన్న గోడ అని ఇంకొకాయన లేఖనాలు తీశారు. చివరికి అందరిలోకీ పెద్దది, తాతతో పాటు బయటికి నడిచినవాళ్ళలో ఇంకా బతికున్న ఒకే ఒక్కావిడ, టాబితా లేచి నిలబడింది. అప్పటికి ఆమె తల్లి గౌను పట్టుకుని నడిచిన పిల్ల. "నేను విన్నా. గేటు అన్నాడు. నాకు ఆ రొట్టెలు తినాలని చిన్నప్పట్నుంచీ ఉంది. తిన్నాకే చస్తా," అని కూర్చుంది. దాంతో గోడ గోడే, గేటు గేటే అని తేలిపోయింది.

జేబెజ్ ఒక్క షరతు పెట్టాడు. "పెద్ద ఫిడేలు మాతో వస్తుంది. దాన్ని పంపేశారు కాబట్టే మేం వెళ్ళాం. అది లోపలికి వస్తేనే మేం వస్తాం. పాట దానితోనే."

కెజియా ఆ కబురు లవ్‌డే గారికి చేరేసింది. ఆయన సైకిలు దిగకముందే ఒప్పేసుకున్నాడు. హార్మోనియం ఎలాగూ ఎలుకలు కొట్టి మూలుగుతోంది, బయటికి మోసే ఓపిక ఎవరికీ లేదు. ఇక మిగిలింది ఒక్క మనిషి.

"కెప్టెన్," అంది కెజియా, రాతి ఇంటి ముందు బండి ఆపి, "మందిరంవాళ్ళు ఉత్తరం గోడ దూకి వస్తున్నారని ఇక్కడ ఎవరికైనా చెప్పాలేమో చెప్పు."

ప్రూడెన్స్ గ్లౌజు కుడుతున్న సూది ఆపింది. "కెప్టెన్, బూట్లు తుడుచుకుని రమ్మను," అని కిటికీ వేసేసింది.

ఆ రోజు రానే వచ్చింది. ఎండ మంచి రంగు మీదుంది. చర్చివాళ్ళు పొద్దున్నే తూర్పు నుంచి దక్షిణం మీదుగా వరస కట్టారు. అప్పర్ ప్రిడ్లీ నుంచి గాడ్, ఆయన వెంట ఒక గుంపు వచ్చి గేటు పైకప్పు కింద నీడలో నిలబడ్డారు. "తాడు ఎక్కడ? ఈసారి మేం తెచ్చాం, కావాలా?" అని గాడ్ నిజంగానే ఒక తాడు చుట్ట ఎత్తి చూపించాడు. నెదర్ ప్రిడ్లీవాళ్ళు పళ్ళు కొరికి ఊరుకున్నారు.

అప్పుడు రోడ్డు మీద బండి చప్పుడు వినబడింది. బుధవారమూ కాదు, శనివారమూ కాదు. కెజియా పగ్గాలు పట్టుకుని ముందు నడుస్తోంది. బండి మీద టాబితా, ఇంకొందరు ముసలివాళ్ళు, నిలువెత్తు పెద్ద ఫిడేలు. వెనక మందిరం మొత్తం నల్లకోట్లలో, పెళ్ళికి వెళ్తున్నట్టు. బండి ఉత్తరం గోడకు ఆనించి, గోడ మీదకు పలక వేసింది. గోడ లోపలి వైపు దిగడానికి ఏముందనుకున్నారు? హార్మోనియం తెప్పించిన స్నెల్‌గ్రోవ్ పాస్టరు గారి సమాధి. దక్షిణం వైపు చోటు చాలక ఆయన్ను అక్కడ పెట్టి, బల్లలా వెడల్పాటి రాయి పరిచారు. దిగడానికి అంతకంటే వీలైన మెట్టు ఊళ్ళో ఎక్కడా దొరకదు.

మొదట టాబితా దిగింది. సమాధి మీద నిలబడి చుట్టూ చూసింది. ఒకసారి కాలు తాటించింది. బాగుందనిపించిందేమో, రెండో కాలు కూడా తాటించింది.

"బూట్లు!" అని అరిచింది ప్రూడెన్స్ వరసలోంచి. "తుడుచుకోమని చెప్పానా లేదా?"

"తుడుచుకుంటున్నా కదుటే అమ్మాయ్!" అంది టాబితా, ఆ రాతికే రాస్తూ.

నవ్వు ముందు చర్చివాళ్ళలో పుట్టిందో మందిరంవాళ్ళలో పుట్టిందో చెప్పలేను. రెండు వైపులా పాకింది. ఆ నవ్వులోనే నల్లకోట్లు ఒక్కొక్కటే గోడ దిగి వరసలో చేరాయి. యుద్ధంలో పోయిన ఆ గంట కొట్టే కుర్రాడి తల్లి చేయి జేబెజ్ భార్య చేతిలో పడింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, చేతులు మాత్రం బిగించారు. చివరగా పెద్ద ఫిడేలు వచ్చింది. పసిపిల్లను అందుకున్నట్టు నలుగురు చేతులు చాపి అందుకున్నారు. పర్నెల్ తాత భుజాన బయటికి వెళ్ళిన వాద్యం మళ్ళీ ఆ ఆవరణలో నిలబడింది. జేబెజ్ దాని పక్కన నిలబడి తంత్రి మీద కమాను ఆనించాడు.

అక్కడే తేడా వచ్చింది. ఫిడేలు వాయించేవాడు చేయి ఇవ్వలేడు. జేబెజ్ చోటు ఖాళీ. ఆయన భార్యకూ ప్రూడెన్స్‌కూ మధ్య, ఉత్తరం గోడ కింద, నాచు మీద, సరిగ్గా ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఇద్దరూ చేతులు చాపారు. వరసంతా లాగారు. దక్షిణం వైపు ఎవరో భుజం పట్టేసిందని మూలిగారు. లవ్‌డే గారు కూడా వరసలోనే ఉన్నాడు. వేళ్ళు అందలేదు.

"తాడు!" అని గేటు కింద నుంచి గాడ్ పాటలా అందుకున్నాడు. "తాడు కావాలా, మా మనిషి కావాలా?"

వరస చుట్టూ తలలన్నీ తిరిగి గోడ అవతలికి చూశాయి. కెజియా అక్కడ ఒక్కతే, కెప్టెన్ కళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. ఊరు ఊరంతా లోపల ఉంది.

"కెప్టెన్!" అని అరిచింది ప్రూడెన్స్. "మీ యజమానురాలిని రమ్మను!"

కెజియా కదల్లేదు. ఆమె కూడా అరిచే చెప్పింది. "కెప్టెన్! నన్ను పిలవాలంటే నన్నే పిలవమని ఆవిడతో చెప్పు!"

చాపిన చేతులు నొప్పి పుడుతున్నాయి, అయినా ఎవరూ వదల్లేదు. ఇంత జనం ముందు తను మొండికేస్తే ఊరి కౌగిలి చెడుతుందని కెజియాకు తెలుసు. అయినా ఈ ఒక్కటి మాత్రం అక్క నోటే వినాలి. గుర్రం నోటికి ఇక అప్పజెప్పడం తన వల్ల కాదు.

ప్రూడెన్స్ మొహం ఎర్రబడింది. తండ్రి సమాధి వైపు చూసింది. గోడ వైపు చూసింది. తర్వాత చిన్నగా, కానీ అందరికీ వినబడేలా అంది.

"కెజ్జీ. రావే. ఇక్కడ నాకు భయంగా ఉందే."

కెజియా కళ్ళెం వదిలేసింది. కెప్టెన్‌ను నడిరోడ్డు మీద ఎవరి చేతికీ ఇవ్వకుండా ఆమె వదలడం అదే మొదటిసారి.

"పలక మీంచి రా కెజియా!" అన్నాడు జేబెజ్.

"నన్ను పంపింది గేటులోంచి. గేటులోంచే వస్తా!" అంది కెజియా. స్కర్టు రెండు చేతులా ఎత్తి పట్టుకుని ప్రహరీ చుట్టూ పరుగెత్తింది. గేటు కింద అప్పర్ ప్రిడ్లీ గుంపు అడ్డంగా ఉంది. "జరగవయ్యా గాడ్, ఆ తాడు జాగ్రత్త చేసుకో, మీకు పనికొస్తుంది!" అంటూ మధ్యలోంచి తోసుకుంటూ వచ్చింది. జేబెజ్ ఏమంటాడోనని మందిరంవాళ్ళు ఆయన వైపు చూశారు. "ఆ పిల్ల పుట్టింది ఈ గేటు లోపలే. మన ప్రమాణం ఆమెకు లేదు," అని ఆయన కమాను ఎత్తాడు.

నాచు మీద జారుతూ వచ్చి కెజియా తన చోట నిలబడింది. ఒక చేయి తోడికోడలికి ఇచ్చింది. రెండో చేయి అక్క లాక్కుంది.

వలయం పూర్తయింది. ఆ కేక మార్స్‌బరీ దాకా వినబడిందని మావాళ్ళు అంటారు, నేను కాదనను. పెద్ద ఫిడేలు ఒక్కసారి గంభీరంగా పలికింది. ఊరు పాట ఎత్తుకుని గోడ దాకా నడిచింది. స్నెల్‌గ్రోవ్ గారు చెప్పింది కూడా అబద్ధం కాదు, నిజంగానే అది ఇరుసు చప్పుడులా ఉంది. మాకు అలాగే కావాలి. లవ్‌డే గారు ఏడుస్తూ పాడాడు. గాడ్ తాడు చుట్ట వీపు వెనక దాచుకుని, రెండో చరణానికి టోపీ తీశాడు. ఇంతలో కెప్టెన్ కూడా తెరిచి ఉన్న గేటులోంచి బండితో సహా లోపలికి వచ్చి స్నెల్‌గ్రోవ్ గారి సమాధి పక్కన గడ్డి మేయడం మొదలుపెట్టింది. దానికి ఏ ప్రమాణమూ అడ్డం లేదు.

మూడోసారి వెనక్కి నడుస్తున్నప్పుడు ప్రూడెన్స్ పాట ఆపి, ముందుకే చూస్తూ, "ఏమిటే ఈ చేతులు, చెట్టు బెరడులా ఉన్నాయి?" అంది.

"పగ్గాలు పట్టుకుంటే చేతులు ఇలాగే ఉంటాయి."

"గ్లౌజులు వేసుకోవచ్చుగా."

"ఏళ్ళ తరబడి నీ గ్లౌజులు సంతకు మోశా. నాకో జత ఎవరిచ్చారు?"

ప్రూడెన్స్ కాసేపు పాడింది. చరణం అయిపోయాక అంది. "కుట్టా. పెట్టెలో ఉన్నాయి."

"ఎప్పుడు కుట్టావు?"

"నీ పెళ్ళికి."

కెజియాకు ఆ తర్వాతి పాట ఒక్క ముక్క రాలేదు. చేయి మాత్రం, చిన్నప్పుడు భయపడినప్పుడు నొక్కినట్టే, గట్టిగా నొక్కింది. ప్రూడెన్స్ మోచేత్తో పొడిచింది.

టాబితా రొట్టెలు నాలుగు తిని, చస్తానన్న మాట వెనక్కి తీసుకుంది. పండగ అప్పర్ ప్రిడ్లీకి వెళ్ళలేదు, నేటికీ వెళ్ళలేదు.

మరుసటి శనివారం కెజియా బండి సంతకు బయల్దేరింది. పక్క సీటులో ప్రూడెన్స్ కూర్చుని, గుంతలు చూసుకుని తోలమని, ఎడమకు పొమ్మని, కుడికి రమ్మని దారి పొడుగునా నేరుగా చెల్లెలినే సాధిస్తోంది. కెజియా చేతులకు తెల్లటి పెళ్ళి గ్లౌజులు ఉన్నాయి. ఇన్నేళ్ళ పగ్గాలకు చేతులు వెడల్పయి అవి పట్టకపోతే, ప్రూడెన్స్ కుట్లు విప్పి అరచేతి పక్కన కొత్త తోలు అతికింది. పాత తోలు వెన్నరంగుకు తిరిగింది, కొత్తది తెల్లగా ఉంది, అతుకు ఆమడ దూరానికి కనిపిస్తుంది. కెజియా ఆ చేతిని పైకెత్తి, దారిలో ఎదురైన ప్రతివాళ్ళకూ, తెలిసినవాళ్ళకూ తెలియనివాళ్ళకూ, మార్స్‌బరీ దాకా ఊపుతూనే వెళ్ళింది.